ట్రాముల వల్ల ఊరు మారిన సూదంటురాయి

సూదంటురాయి అన్న మాటలోనే పాఠం సగం ఉంది: సూదిని అంటించుకునే రాయి. బడి పుస్తకం దాన్ని అయస్కాంతం చేసి, ధ్రువాలు, బలరేఖలు, బొటనవేలి నియమం అంటూ మార్కుల లెక్కలోకి దింపింది. బొంబాయిలో మా తెలుగు మాధ్యమం బడిలో నేనూ అలాగే వల్లించాను. ఆ పాఠమే మా ఊళ్ళో ఒక వేధశాలను సముద్రం దాటించిందని ఆనాడు ఎవరూ చెప్పలేదు.

1820లో కోపెన్‌హేగన్‌లో ఆయిర్‌స్టెడ్, విద్యుత్తు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు పక్కకు తిరగడం చూశాడు. ప్రవాహం ఉన్నంతసేపూ తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. ప్రవాహం ఆగితే అదీ పోతుంది. 1831లో ఫారడే ఈ సంబంధాన్ని తిరగేసి, మారుతున్న అయస్కాంత క్షేత్రం తీగలో విద్యుత్తును పుట్టిస్తుందని రుజువు చేశాడు. డైనమోలు అలా వచ్చాయి. వాటి వెనకే విద్యుత్ ట్రాములూ వచ్చాయి. మద్రాసులో అవి 1895లోనే నడిచాయి.

బొంబాయి కొలాబాలో ఈస్టిండియా కంపెనీ 1826లో వేధశాల కట్టించింది. 1841లో అక్కడ భూమి అయస్కాంతత్వాన్ని కొలవడం మొదలుపెట్టారు. 1896లో నానాభాయ్ అర్దేషిర్ ఫ్రామ్‌జీ మూస్ దానికి మొదటి భారతీయ డైరెక్టరు అయ్యారు. ఇంతలో, 1874 నుంచీ గుర్రాలు లాగుతున్న ట్రాములను విద్యుత్తుతో నడపాలని నగరం తలపెట్టింది.

ఊరికి అది శుభవార్తే. సూదికి మాత్రం కాదు. ట్రాముకు విద్యుత్తు పైతీగలో వచ్చి పట్టాల ద్వారా తిరిగి వెళుతుంది. పోయేదీ వచ్చేదీ పక్కపక్కనే ఉంటే రెండు క్షేత్రాలూ చాలామటుకు ఒకదాన్నొకటి రద్దు చేసుకునేవి. కానీ తీగ ఎక్కడో పైన, పట్టాలు నేల మీద. పైగా పట్టాల్లోని ప్రవాహం కొంత మట్టిలోకి జారుకుంటుంది. ట్రాము కదిలినప్పుడల్లా, ఆగినప్పుడల్లా ఆ క్షేత్రం మారుతుంది. సూర్యుడి వల్ల కలిగిన కదలిక ఏదో, ట్రాము వల్ల కలిగినది ఏదో పాపం సూదికేం తెలుసు?

మూస్ సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని అలీబాగ్‌ను ఎంచుకున్నారు. (అక్కడి సముద్రంలో ఉన్న కోట పేరు కూడా కొలాబాయే. ఇప్పటి రాయగఢ్ జిల్లాకు ఒకప్పుడు అదే పేరు. చదివేవాళ్ళు తికమకపడితే తప్పు వాళ్ళది కాదు.) 1904 నాటికి పోర్‌బందరు రాతితో కొత్త భవనం లేచింది, సూదిని లాగే గుణం ఆ రాతికి లేదు.

నాకు ఆయన మీద గౌరవం కలిగించింది భవనం కాదు, ఆ తర్వాతి పని. 1904 నుంచి 1906 దాకా రెండు చోట్లా ఒకేసారి కొలతలు తీయించారు. చోటు మారితే విలువా మారుతుంది. ఆ తేడా ఎంతో తేలకపోతే 60 ఏళ్ళ కొలతలు కొలాబాలోనే తెగిపోయేవి. 1907లో విద్యుత్ ట్రాములు రోడ్డెక్కే వేళకు లెక్క పూర్తయింది.

ఆ పాత కాగితాల విలువ 2003లో మరోసారి బయటపడింది. 1859 సెప్టెంబరు మొదట్లో వచ్చిన మహా అయస్కాంత తుఫానులో కొలాబా సూది సుమారు 1,600 నానోటెస్లాల పతనం చూపింది. మనుషులు కళ్ళతో చూసి రాసుకున్న ఆ అంకెల ఆధారంగానే శాస్త్రజ్ఞులు ఆ తుఫాను తీవ్రతను తిరిగి అంచనా కట్టారు. బొంబాయి ట్రాములు 1964లో ఆగిపోయాయి. అలీబాగ్‌లో కొలతలు మాత్రం సాగుతూనే ఉన్నాయి.