వృద్ధాశ్రమాల్లో నిర్లక్ష్యం, హింస: ఆనవాళ్లు

వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంటున్నవారికి వేళకు తిండి, నీళ్లు, మందులు, శుభ్రత అందకపోవడం నిర్లక్ష్యం. కొట్టడం, తిట్టడం, కట్టేయడం, మత్తులో ఉంచడం, లైంగికంగా వేధించడం, డబ్బు కాజేయడం హింస. 2002 నాటి టొరంటో ప్రకటన ఈ రెండింటినీ ఒకే నిర్వచనం కిందికి తెచ్చింది. నమ్మకం ఉండాల్సిన సంబంధంలో పెద్దవారికి హాని గానీ మనోవేదన గానీ కలిగించే పని, లేదా చేయాల్సిన పని చేయకపోవడం, దాని సారాంశం. రెండో సగం పట్టుకోవడం కష్టం. చెయ్యెత్తిన మనిషి పేరు ఎప్పటికైనా బయటపడుతుంది. రాత్రంతా ఎవరూ తొంగిచూడని గదికి బాధ్యులెవరో ఏ రిజిస్టరులోనూ ఉండదు.

అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే దీర్ఘకాలం నర్సుల సేవ అవసరమైనవారు నివసించే చోటు. తెలుగు ఊళ్లలో ఆ బోర్డు చిన్న ప్రైవేటు ఆస్పత్రికి ఉంటుంది. ఇక్కడ ఆ పని నెలనెలా డబ్బు కట్టించుకునే వృద్ధాశ్రమాలు, డిమెన్షియా కేంద్రాలు చేస్తున్నాయి. చట్టాల్లో తేడా ఉన్నా ఒంటిమీది ఆనవాళ్లు రెండు చోట్లా ఒకటే.

సమస్య వెలుగులోకి వచ్చిన తీరు

బ్రిటన్‌లో బార్బరా రాబ్ 1967లో వెలువరించిన 'సాన్స్ ఎవ్రీథింగ్' పుస్తకం, వృద్ధులను ఏళ్ల తరబడి ఉంచే ఆస్పత్రి వార్డుల్లో ఏం జరుగుతోందో బయటపెట్టి పెద్ద దుమారం రేపింది. అమెరికాలో 1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన నివేదిక, మరుసటి ఏడాది నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టానికి దారి తీసింది. నివాసులను సిబ్బంది సౌకర్యం కోసం కట్టేయకూడదనీ, మందులతో మత్తులో ఉంచకూడదనీ 1987 నాటి ఆ చట్టం హక్కుగా రాసింది. హింస ఎంత విస్తారంగా ఉందో చెప్పే లెక్కల్లో అన్నిటికంటే కలవరపెట్టేవి సిబ్బంది నోటి నుంచే వచ్చాయి. వేర్వేరు దేశాల అధ్యయనాలను కలిపి 2018లో ప్రచురించిన సమీక్షలో, గడిచిన ఏడాదిలో ఏదో ఒక రూపంలో నివాసులను బాధించామని ఒప్పుకున్న సిబ్బంది 64.2 శాతం.

ఒంటిమీద కనిపించేవి

చూడ్డానికి వచ్చినవారు ముఖం చూస్తారు, చేతులు పట్టుకుంటారు. ఆశ్రమం వారికీ ఆ సంగతి తెలుసు. తల దువ్వి, పౌడరు రాసి, ఉతికిన చీర కట్టి కూర్చోబెడతారు. నిర్లక్ష్యం ముందుగా కనిపించేది దుప్పటి కింద: మడమల మీద, తుంటి ఎముక మీద, నడుము దిగువన పిరుదుల నడుమ, తల వెనక భాగంలో.

ఆస్పత్రుల్లో బెడ్‌సోర్లు అనే పడక పుండ్లు ఈ చోట్లలోనే వస్తాయి. ఒకే భంగిమలో గంటల తరబడి ఉంటే ఎముకకీ పరుపుకీ మధ్య నలిగిన చర్మానికి రక్తం అందదు. అందుకే కదలలేనివారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలన్నది వార్డుల్లో పాతుకుపోయిన నియమం. పుండును నాలుగు దశలుగా లెక్కిస్తారు. మొదటి దశలో చర్మం చిట్లదు, ఎర్రబడుతుంది, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు. నాలుగో దశలో ఎముకో కండరమో బయటపడుతుంది. పాఠ్యపుస్తకాలు చెప్పే ఆ ఎరుపు తెల్లని చర్మం మీద కనిపించే ఎరుపు. చామనఛాయ, నలుపు ఒంటి మీద అది కంటికి ఆనదు. చుట్టుపక్కల చర్మం కంటే ఆ చోటు వెచ్చగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో ఉందా, రంగు ఊదాకు తిరిగిందా అని తడిమి చూడాలి. మన పెద్దవాళ్ల విషయంలో మొదటి దశ తరచూ తప్పిపోవడానికి ఇదొక కారణం.

పుండు ఉన్నంత మాత్రాన నిర్లక్ష్యమని తీర్పు చెప్పలేం. చివరి రోజుల్లో ఉన్నవారికి ఎంత శ్రద్ధ తీసుకున్నా పుండ్లు పడవచ్చు. పుండు సంగతి కుటుంబానికి ఎప్పుడు చెప్పారు, కట్టు ఎప్పుడు మార్చారు, గాలి పరుపు వేశారా, తిప్పినట్లు రాసిన చార్టు ఉందా అన్న ప్రశ్నలకు జవాబు దొరకనప్పుడు అనుమానం బలపడుతుంది. చార్టులో రాత్రి మొత్తానికీ ఒకే కలంతో, ఒకే చేతిరాతతో, ఒక్కసారే నింపినట్లు టిక్కులు ఉంటే అది కూడా ఆనవాలే.

బరువు తగ్గడాన్ని అమెరికా తనిఖీ అధికారులు అంకెల్లో కొలుస్తారు. నెలలో 5 శాతం, మూడు నెలల్లో 7.5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే గట్టిగా పట్టించుకోవాల్సిన తరుగుదల. అరవై కిలోల మనిషి నెలలో మూడు కిలోలు తగ్గడమన్నమాట. క్యాన్సర్ వంటి జబ్బులు కారణం కావచ్చు. కానీ చాలాసార్లు కారణం చిన్నది: పళ్ల సెట్టు పోయింది, ఎవరూ వెతకలేదు, కంచం బల్ల మీద పెట్టి వెళ్లారు, చేయి వణికే మనిషికి తినిపించేవారు లేరు, నీళ్ల సీసా చేతికందని కిటికీ మీద ఉంది. ఒంట్లో నీళ్లు చాలుతున్నాయో లేదో చర్మం గిల్లి చూసే పరీక్ష వృద్ధుల్లో నమ్మదగ్గది కాదు, వయసుకే చర్మం సాగిపోతుంది. పిడచగట్టిన నాలుక, పొడిబారిన చంక, ముదురు రంగు మూత్రం, రెండు రోజుల్లో హఠాత్తుగా వచ్చిన మతిభ్రమ ఎక్కువ చెబుతాయి. మూత్రం ఎక్కువైతే డైపర్ మార్చాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు తగ్గించే ఆయాలూ ఉంటారు. డైపర్ పెట్టె ఎన్నాళ్లకు ఖాళీ అవుతోందో చూస్తే రోజుకు ఎన్నిసార్లు మారుస్తున్నారో తెలిసిపోతుంది.

కమిలిన గాయాల గురించి కాలిఫోర్నియా పరిశోధకులు చేసిన పని ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. ప్రమాదవశాత్తూ కమిలే చోట్లేమిటో తెలుసుకోవడానికి 2005లో ప్రచురించిన అధ్యయనం కోసం వృద్ధులను రోజూ పరీక్షించారు. అలాంటి మచ్చల్లో దాదాపు 90 శాతం చేతుల మీద, కాళ్ల మీద ఉన్నాయి. చెవులు, మెడ, జననాంగాలు, పిరుదులు, అరికాళ్ల మీద ఒక్కటీ లేదు. రంగును బట్టి మచ్చ వయసు చెప్పలేమని కూడా ఆ పరిశీలనలో తేలింది. పసుపు రంగు మొదటి రోజే కనిపించవచ్చు. కాబట్టి 'ఇది పాతదండీ, వచ్చేటప్పుడే ఉంది' అన్న మాటను రంగు చూసి నమ్మడానికి లేదు. 2009లో అదే కోవలో, హింసకు గురైనట్లు తేలినవారిని పరీక్షిస్తే మచ్చలు పెద్దవిగా, తరచూ 5 సెంటీమీటర్లకు మించి, ముఖం మీదా వీపు మీదా ఉన్నాయి. అవి ఎలా వచ్చాయో వారిలో ఎక్కువమంది చెప్పగలిగారు, మతిమరుపు ఉన్నవారు సహా. 'ఆవిడకేం గుర్తుంటుంది' అని కొట్టిపారేసే ముందు ఈ సంగతి తలచుకోవాలి.

మరోవైపు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్‌ఫరిన్ వంటి రక్తం పలచబరిచే మందులు వాడేవారికి చిన్న తాకిడికే కములుతుంది. ముంజేతుల మీద వయసుతో వచ్చే ఊదా మచ్చలు ఏ దెబ్బా లేకుండానే వస్తాయి. ఎముకలు గుల్లబారినవారికి పక్కకు తిప్పేటప్పుడే తుంటి విరగవచ్చు. గాయానికీ, సిబ్బంది చెప్పే కథకీ పొంతన కుదురుతుందా అన్నదే అసలు పరీక్ష. బాత్‌రూములో జారిపడిన మనిషికి రెండు జబ్బల మీదా వేళ్ల గుర్తులు ఉండవు. ముంజేతుల చుట్టూ, చీలమండల చుట్టూ గాజులా తిరిగిన గీత కట్టేసిన తాడుదో చున్నీదో. లోదుస్తుల మీద రక్తం, కొత్తగా సోకిన లైంగిక వ్యాధి, స్నానం చేయించబోతే బెదిరిపోవడం కనిపిస్తే మచ్చల కోసం వెతుకుతూ కూర్చోకుండా వెంటనే వైద్య పరీక్ష చేయించాలి.

మగత, మౌనం, డబ్బు

గొడవ చేసే మనిషిని మందుతో పడుకోబెట్టడం కట్టేయడం కంటే సులువు, కంటికి కనిపించదు కూడా. డిమెన్షియా ఉన్న వృద్ధులకు క్వెటియాపిన్, రిస్పెరిడోన్ తరహా మందులు ఇస్తే మరణాల ముప్పు పెరుగుతోందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో అత్యంత తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. 2008లో హాలోపెరిడాల్ వంటి పాత మందులకూ దాన్ని విస్తరించింది. ఇవి అవసరమయ్యే సందర్భాలు ఉన్నాయి. అయితే పట్టపగలు గడ్డం గుండెకు ఆనించి నిద్రపోతున్న మనిషి విషయంలో మందుల చీటీ తీసుకుని ఒక్కో మందూ ఎందుకు, ఎవరు రాశారు, ఎప్పటినుంచి అని అడగడం కుటుంబం హక్కు.

ఒక ఆయా గదిలోకి రాగానే మాట ఆపేయడం, చేయి పైకి లేస్తే తల పక్కకు తిప్పుకోవడం, కొత్తగా పక్క తడపడం మనసుకు తగిలిన దెబ్బకు గుర్తులు కావచ్చు. డబ్బు దొంగిలించారని నింద వేయడం డిమెన్షియా లక్షణమే. కానీ ముక్కుపుడక నిజంగానే పోయిందేమో చూడకుండా జబ్బు మీద నెట్టేయకూడదు. పింఛను ఖాతాలో తెలియని విత్‌డ్రాలు, హఠాత్తుగా మారిన నామినీ, కాగితం మీద సంతకం చేయగల మనిషిది వేలిముద్ర ఉండటం గమనించదగ్గవి.

సిబ్బంది, వేళలు, తనిఖీలు

క్రూరుల సంఖ్య కంటే ఖాళీ డ్యూటీల సంఖ్యే ఎక్కువ హాని చేస్తుంది. ఒక నివాసికి రోజుకు సగటున 4.1 గంటల సేవ అందకపోతే హాని మొదలవుతుందని అమెరికా ప్రభుత్వం చేయించిన అధ్యయనం 2001లో చెప్పింది. 2024లో అమెరికా ఫెడరల్ ప్రభుత్వ నియమం 3.48 గంటలను కనీసంగా నిర్ణయించింది, 2025లో టెక్సస్ కోర్టు దాన్ని కొట్టేసింది. అక్కడి ప్రభుత్వం 2008 నుంచి నర్సింగ్ హోమ్‌లకు నక్షత్రాల రేటింగ్ ఇస్తోంది. మొదట్లో సిబ్బంది లెక్క కేంద్రాలు తామే చెప్పుకునేవి. జీతాల పట్టీల ఆధారంగా లెక్క సేకరించడం 2016లో మొదలైంది. నక్షత్రాలు చూసి చేర్పించేవారు ఈ తేడా తెలుసుకోవాలి.

2017లో ఇర్మా తుపాను తర్వాత ఫ్లోరిడాలోని హాలీవుడ్ హిల్స్ కేంద్రంలో ఏసీలకు కరెంటు పోయింది. ఉక్కకు తాళలేక 12 మంది వృద్ధులు చనిపోయారు. పెద్ద ఆస్పత్రి వీధికి అవతలే ఉంది. అక్కడ ఎవరూ ఎవరినీ కొట్టలేదు.

2020 మార్చిలో కోవిడ్ వల్ల సందర్శకులను ఆపేసినప్పుడు, ఈ కేంద్రాలపై ఉన్న అతిపెద్ద తనిఖీ వ్యవస్థ, అంటే కుటుంబాల రాకపోకలు, ఒక్కసారిగా ఆగిపోయింది. సాధారణ రోజుల్లో అయినా ఆదివారం మధ్యాహ్నం వెళ్తే ఆదివారం మధ్యాహ్నమే కనిపిస్తుంది. రాత్రి భోజనం వేళ, తెల్లవారుజామున, పండగ మర్నాడు వెళ్లాలి. పిలుపు గంట నొక్కి ఎవరైనా ఎంతసేపటికి వస్తారో చూడాలి. ఫోన్ చేసి చెప్పకుండా రాకూడదన్న నియమం ఉన్న ఆశ్రమాన్ని మొదటే వదులుకోవడం మంచిది.

తెలుగు రాష్ట్రాల్లో

2020 జనవరిలో హైదరాబాద్ శివారు నాగారంలో అనుమతి లేకుండా నడుస్తున్న ఒక ఆశ్రమం నుంచి పోలీసులు దాదాపు 70 మందిని విడిపించారు. వృద్ధులనూ మానసిక రోగులనూ కలిపి కుక్కి, గొలుసులతో కట్టి కొట్టేవారని తేలింది. అరుపులు విన్న చుట్టుపక్కలవారి ఫిర్యాదుతో అది బయటపడింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 95వ సెక్షన్ ఏ రూపంలోనూ గొలుసులు వేయకూడదని అంటోంది.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 ప్రధానంగా పిల్లల నుంచి పోషణ రాబట్టడానికి చేసింది. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేదలకు చోటుండే వృద్ధాశ్రమాల గురించి చెప్పింది గానీ ప్రైవేటు ఆశ్రమాల లోపలి ప్రమాణాల జోలికి పెద్దగా పోలేదు. వాటికి రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు తప్పనిసరి చేసే సవరణ బిల్లు 2019లో లోక్‌సభకు వచ్చింది, చట్టం కాలేదు. అమెరికాలో ప్రతి కేంద్రానికీ పదిహేను నెలలు మించకుండా తనిఖీ జరుగుతుంది, నివాసుల తరఫున మాట్లాడే అంబుడ్స్‌మన్ ప్రతి రాష్ట్రంలో ఉంటారు. ఇక్కడ ఆ బరువంతా కుటుంబం మీదే పడుతోంది.

ఆ కుటుంబం చాలాసార్లు డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉంటుంది. ఆశ్రమం చెప్పిన వేళకు వీడియో కాల్ వస్తుంది, ముఖం కనిపిస్తుంది, 'బాగానే ఉన్నానమ్మా, నువ్వు తిన్నావా' అన్న మాట వినిపిస్తుంది. మడమలు కనిపించవు. ఊళ్లో ఉన్న మేనల్లుణ్నో పాత పక్కింటివారినో వేళగాని వేళ పంపి దుప్పటి తీసి చూడమనడం వీడియో కాల్ కంటే నమ్మదగ్గది. అమెరికా నర్సింగ్ హోమ్‌లో చేరిన తెలుగు పెద్దలది మరో తరహా చిక్కు. డిమెన్షియా ముదిరేకొద్దీ తర్వాత నేర్చిన ఇంగ్లీషు ముందుగా జారిపోతుంది. నొప్పి అని తెలుగులో అరిస్తే అది చార్టులో 'గొడవ చేస్తున్నారు' అని పడే ప్రమాదం ఉంది. నివాసికి అర్థమయ్యే భాషలో విషయం చెప్పాలని అక్కడి నిబంధన ఉంది కాబట్టి దుబాసీని అడగవచ్చు. ఫిర్యాదు విషయంలో మనవరాలి చేత గానీ, అదే డ్యూటీలో ఉన్న తెలుగు నర్సు చేత గానీ అనువాదం చేయించకపోవడం మేలు.

అనుమానం వచ్చినప్పుడు

ప్రాణం మీదికి వచ్చిన స్థితి అయితే ముందు ఆస్పత్రి, తర్వాతే వాదన. పోలీసులకు 112. వృద్ధుల సహాయవాణి 14567. టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఛారిటబుల్ ఫౌండేషన్ కలిసి 2017లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఎల్డర్ లైన్ 2021లో దేశమంతటికీ విస్తరించింది. 2007 చట్టం కింద ట్రిబ్యునల్ బాధ్యత ఆర్డీఓది. ఉచిత న్యాయ సహాయానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోన్ 15100. అమెరికాలో తీవ్ర గాయం ఉన్న అనుమానాన్ని సిబ్బంది రెండు గంటల్లోపు పోలీసులకు, ప్రభుత్వానికి తెలియజేయాలి.

గాయాన్ని పక్కన స్కేలో రూపాయి నాణెమో పెట్టి తేదీ పడేలా ఫొటో తీయాలి. ఏం జరిగిందని ఇద్దరు ఉద్యోగులను విడివిడిగా అడిగి, వారి మాటల్లోనే రాసుకోవాలి. ఆశ్రమంతో సంబంధం లేని డాక్టరుకు చూపించాలి. ఆస్పత్రి రికార్డూ ముఖ్యమే. ఆస్పత్రిలోనే పుట్టిన మూడు, నాలుగో దశ పుండ్లకు అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ 2008 అక్టోబరు నుంచి అదనంగా చెల్లించడం మానేసింది. దానితో అక్కడి ఆస్పత్రులు రోగి లోపలికి వచ్చేటప్పటికే ఉన్న పుండ్లను తమ జాగ్రత్త కోసం తామే శ్రద్ధగా రాస్తాయి. ఆ కాగితం నర్సింగ్ హోమ్ మీద బలమైన సాక్ష్యమవుతుంది. ఇక్కడ అలాంటి ఒత్తిడి లేదు. క్యాజువాలిటీలో చేర్చే గంటలోనే ప్రతి పుండూ, ప్రతి మచ్చా ఎక్కడ, ఎంత పొడవో కేస్ షీట్‌లో రాయించుకోవాలి, అనుమానం ఉందని చెప్పి మెడికో-లీగల్ కేసు (ఎమ్మెల్సీ) నమోదు చేయమని అడగాలి. వార్డుకు మార్చి కట్లు కట్టేశాక ఆ కొలతలు మళ్లీ దొరకవు.