మాట వేరు, పాట వేరు, చప్పుడు వేరు: మన సినిమా శబ్దం కథ



మన పిల్లలు ఫోనులో ఒక సినిమా తెలుగులో చూస్తారు. అదే సినిమా పక్కింటి ఒడియా పిల్లలు హిందీలో చూస్తారు. మాటలు మారతాయి గానీ వాన చప్పుడు, కత్తుల చప్పుడు, వెనక సంగీతం ఏమీ మారవు. ఇదెలా కుదురుతుంది? దీని వెనక తొంభై ఏళ్లు పైబడిన చరిత్ర ఉంది. నేను చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్నాను. అందుకే రెండు భాషల మధ్య తిరిగే ఈ కథంటే నాకు ఇష్టం.

1931 అక్టోబరులో హెచ్.ఎం. రెడ్డి గారి 'కాళిదాస్' వచ్చింది. పేరుకు తమిళ సినిమా, కానీ అందులో తెలుగు కూడా వినపడింది. 1932లో ఆయనే 'భక్త ప్రహ్లాద' తీశారు, అది పూర్తి తెలుగు టాకీ. ఆ రోజుల్లో కెమెరా తిరుగుతున్నప్పుడే శబ్దం కూడా పట్టాలి. నటులు పాడుతూనే నటించాలి. హార్మోనియం, తబలా వాళ్లు కెమెరాకు కనపడకుండా చాటున కూర్చుని వాయించాలి. మాట, పాట, చప్పుడు అన్నీ కలిసి ఒకే ముద్ద. తరవాత అందులోంచి ఒకటి తీసి ఇంకోటి పెట్టే వీలు లేదు.

తరవాత పాట ముందే రికార్డు చేసే పద్ధతి వచ్చింది. ఆ వెనక డబ్బింగు. ఏవీఎం వారు 1943లో కన్నడంలో తీసిన 'సత్య హరిశ్చంద్ర'ను 1944లో తమిళంలోకి మార్చారు. తెలుగులో మొదటి డబ్బింగు సినిమా 1950లో వచ్చిన 'ఆహుతి'. హిందీ 'నీరా ఔర్ నందా'కు తెలుగు మాటలు, పాటలు రాసింది శ్రీశ్రీ గారు. పెదవుల కదలికకు సరిపడే మాట వెతకడం ఎంత కష్టమో రాసినవాళ్లకే తెలుసు.

శబ్దం పనిలో ఇంకో చిక్కు ఉంది. నటుడి మాటతో పాటు అతని అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు కూడా ఒకే మైకులో పడతాయి. హిందీ మాట తీసేస్తే అవి కూడా పోతాయి. వాటిని మళ్లీ పుట్టించాలి. కొందరు నిర్మాతలు సినిమానే రెండుసార్లు తీశారు. 1957 'మాయాబజార్' అలా తెలుగులో, తమిళంలో విడివిడిగా తీసినదే. తెలుగులో అభిమన్యుడు నాగేశ్వరరావు గారు, తమిళంలో జెమినీ గణేశన్ గారు.

మాగ్నెటిక్ టేపు వచ్చాక పని తేలికయింది. మాటలకు ఒక రీలు, సంగీతానికి ఒక రీలు, చప్పుళ్లకు ఒక రీలు. అన్నిటినీ వేర్వేరు మెషీన్లకు ఎక్కించి, బొమ్మతో పాటు ఒకే వేగంతో నడిపి, చివరికి కలిపేవారు. వెయ్యి అడుగుల రీలంటే సుమారు 11 నిమిషాలు. తొలి రోజుల్లో చివరి నిమిషంలో తప్పు పడినా రీలు మొదటినుంచీ మళ్లీ కలపాల్సిందే.

ఇప్పుడు కంప్యూటర్లో చేస్తున్నారు, పద్ధతి మాత్రం అదే. ఇలా విడిగా ఉంచిన ఒక్కొక్క కట్టను 'స్టెమ్' అంటారు. ముఖ్యంగా మూడు: మాటలు, సంగీతం, చప్పుళ్లు. మూడూ ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో ముగియాలి. మూడూ కలిపి వేస్తే అసలు సినిమా శబ్దమే రావాలి. బొమ్మ మొదలవడానికి సరిగ్గా 2 సెకన్ల ముందు ఒక చిన్న 'బీప్' పెడతారు. ఏ ఊళ్లో ఎవరు తెరిచినా ఆ బీప్‌ను బట్టి సరిపెట్టుకుంటారు. ప్రతి ఫైలు మీదా సినిమా పేరు, రీలు నంబరు, అది ఏ స్టెమ్మో రాసి ఉండాలి. రైల్వే పార్సిల్ ఆఫీసు సంగతి తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మార్కా లేని మూట ఎంత విలువైనదైనా గమ్యం చేరదు.

2015లో 'బాహుబలి' తెలుగు, తమిళాల్లో తీసి, హిందీ, మలయాళాల్లోకి డబ్బింగు చేశారు. నాలుగు భాషల వాళ్లూ అదే యుద్ధం చప్పుడు విన్నారంటే ఈ విడి కట్టల పుణ్యమే.

అన్నీ కలిపేసిన ఒక్క కాపీయే మిగిలితే ఏమవుతుంది? దానికి విదేశీ ఉదాహరణ చెబుతాను. బీటిల్స్ బృందంలోని జాన్ లెనన్ 1970ల చివర్లో ఇంట్లో పియానో వాయిస్తూ ఒక పాటను క్యాసెట్టులో పాడుకున్నారు. 1980లో ఆయన పోయారు. 1995లో మిగతా ముగ్గురూ ఆ పాట పూర్తి చేద్దామని కూర్చున్నారు. గొంతు, పియానో, రొద అన్నీ ఒకటిగా కలిసిపోయి ఉండటంతో వదిలేశారు. కొత్త కంప్యూటర్ పద్ధతితో గొంతును విడదీసి, 2023లో 'నౌ అండ్ దెన్' పేరుతో విడుదల చేశారు. అంత పేరూ డబ్బూ ఉన్నవాళ్లకే అన్నేళ్లు పట్టింది. మన క్యాసెట్ల కోసం అంత శ్రమ ఎవరు పడతారు?

అందుకే ఇదంతా రాస్తున్నాను. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మన కోరాపుట్, రాయగడ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం ఏజెన్సీలో ఉండేది. ఆ కాలం పాటలు, కథలు, పెళ్లి పాటలు తెలిసిన అమ్మమ్మలు, తాతయ్యలు మన మధ్య కొద్దిమందే మిగిలారు. మనవలేమో ఒడియా చదువుతున్నారు. రేపు వాళ్లు ఆ కథ ఒడియాలో చెప్పుకోవాలన్నా, పాటకు కొత్తగా వాద్యం కట్టుకోవాలన్నా, పెద్దల గొంతు విడిగా, శుభ్రంగా ఉండాలి.

పెద్ద స్టూడియో అక్కర్లేదు. ఒక ఫోను పాడేవారి దగ్గర, ఇంకో ఫోను హార్మోనియం దగ్గర, వీలైనంత ఎడంగా పెట్టండి. వీలైతే వాద్యం లేకుండా కూడా ఒకసారి పాడించండి. మొదట ఒక్క చప్పట్టు గట్టిగా కొట్టండి, అదే మన బీప్. ఫైలుకు తేదీ, ఊరు, పాడినవారి పేరు, పాట పేరు పెట్టండి. అసలు ఫైళ్లు చెరపకండి. వాట్సాప్‌లో పంపితే నాణ్యత తగ్గవచ్చు, పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి రెండు వేర్వేరు ఇళ్లలో దాచండి.

వచ్చే సంఘం సమావేశంలో ఎవరింటి పెద్దలతో మొదలుపెట్టాలో మాట్లాడుకుందాం. ఆలస్యం చేయొద్దు.