గోడకెక్కిన లక్ష్మి

నూట యాభై ఏళ్ల కిందట సామాన్యుడి ఇంట్లో గోడకు పటం ఉండేది కాదు. పండగొస్తే సున్నం కొట్టేవారు, కింద జాజు పట్టీ తీసేవారు, గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేవారు. ఓపికున్న ఇల్లాలు గోడ మీద కూడా నాలుగు ముగ్గులు వేసేది. ఆ అలంకారానికి ఖర్చు లేదు. దేవుడి పటం మాత్రం డబ్బున్నవారి సొత్తు.

తంజావూరు పటాన్నే చూడండి. చెక్క పలకకు గుడ్డ అతికించి, సుద్ద పూత పూసి, నగల చోట్ల సుద్ద ముద్దను ఉబ్బెత్తుగా తీర్చి, పైన బంగారు రేకు అద్ది, రాళ్లు పొదగాలి. ఈ పనిలో పేరుపడ్డవారిలో చాలామంది విజయనగర కాలం నుంచి దక్షిణాదికి వలసపోయిన తెలుగు కుటుంబాలవారే. తంజావూరులో రాజు కులస్థులు, మదురైలో నాయుళ్లు. అద్దం వెనకవైపు బొమ్మ గీసే పని చైనా నుంచి ఓడల్లో వచ్చి, 19వ శతాబ్దంలో కాస్త చవక పటాలను తెచ్చింది. అయినా ప్రతి పటాన్నీ ఎవరో ఒకరు కూర్చుని చేత్తో గీయాల్సిందే. కూలివాడి ఇంటికి అది చేరే దారి లేదు.

ఆ దారి వేసింది అచ్చు యంత్రం. 1878లో పుణేలో చిత్రశాలా ప్రెస్, కలకత్తాలో కలకత్తా ఆర్ట్ స్టూడియో దేవతల బొమ్మలు అచ్చువేయడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత రంగంలోకి వచ్చినవాడు రాజా రవివర్మ (1848–1906). ఆయన చిత్రాల కోసం సంస్థానాధీశులు వరసకట్టేవారు. అడిగినవారందరికీ గీసివ్వడం రెండు చేతులతో అయ్యే పని కాదనీ, ఎంచిన చిత్రాలను ఐరోపాకు పంపి రంగుల అచ్చు వేయించమనీ మాజీ దివాన్ సర్ టి. మాధవరావు 1884లోనే ఆయనకు ఉత్తరం రాశాడు. బరోడా మహారాజు కోసం గీసిన 14 పురాణ చిత్రాలను జనం ముందు పెట్టినప్పుడు చూడ్డానికి తండోపతండాలుగా వచ్చారు. ఆ జనమే తన అసలు గిరాకీ అని రవివర్మకు అర్థమైంది. ఐరోపాకు పంపడం కాదు, తమ్ముడు సి. రాజరాజవర్మతో కలిసి 1894లో బొంబాయిలో సొంత ప్రెస్సే పెట్టాడు. మొదటి అచ్చు శకుంతల జననం.

పని రాతి మీద సాగేది. బవేరియా నుంచి తెచ్చిన నున్నటి సున్నపురాతి పలక మీద జిడ్డు సిరాతో బొమ్మను తిరగేసి గీస్తారు. రాయిని తడిపి సిరా రోలరు దొర్లిస్తే, తడిచోట అంటని సిరా జిడ్డుచోట అంటుకుంటుంది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. అంటే లక్ష్మీదేవి ఒక్క కాగితం మీదే అన్ని రాళ్ల మీదికీ వెళ్లి రావాలి, ప్రతిసారీ సరిగ్గా అదే గురిలో కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగితే పెదవి ఎరుపు చెంప మీదికి పాకుతుంది. పాత అచ్చును భూతద్దం కింద పెడితే బుగ్గల నిగారింపంతా పనివాడు చేత్తో పెట్టిన సన్నటి చుక్కలని తెలుస్తుంది. చివర వార్నిష్ పూస్తే తైలవర్ణ చిత్రంలా మెరిసేది.

అలా లక్ష్మి, సరస్వతి సామాన్యుల గోడలెక్కారు. గుడి మెట్లు ఎక్కనివ్వని కులాలవారి ఇళ్లలోకీ వచ్చారు. పూజారి అక్కర్లేదు, వంతు అక్కర్లేదు. మేకు కొట్టడానికి గోడ ఉంటే చాలు. ఈ చవక బొమ్మలు కళను దిగజార్చాయని తర్వాతి తరం విమర్శకులు తిట్టిపోశారు. కానీ అవి ఎంతమందికి కళను దగ్గర చేశాయో లెక్కలోకి తీసుకోకపోతే ఆ తీర్పు సగమే.

పైగా ఆ కాగితాన్ని జనం ఉన్నదున్నట్టు వేలాడదీసి ఊరుకోలేదు. దక్షిణాదిలో ఆడవాళ్లు దేవి చీర ఉన్నంత మేర నిజమైన గుడ్డ కుట్టారు, అంచుకు జరీ, నగలకు పూసలు, చమ్కీలు అద్దారు. ముఖం, చేతులు, పాదాలు మాత్రమే అచ్చు. మిగతాదంతా ఆ ఇంటి సూది పని. ఒకే రాయి నుంచి దిగిన బొమ్మలు రెండిళ్లలో రెండు వేర్వేరు చీరలు కట్టుకునేవి. తర్వాత పటం కట్టించి, దూలం కింద ఎత్తుగా, కింద నిలబడ్డవారికి కనబడేలా కాస్త ముందుకు వంచి తగిలించేవారు.

వ్యాపారం మాత్రం రవివర్మకు కలిసిరాలేదు. ప్రెస్సును 1899లో లోనావాలా దగ్గరి మలవలీకి తరలించినా అప్పులు తీరలేదు. చివరికి బొమ్మలు అచ్చువేసే హక్కులతో సహా దాన్ని జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైకర్‌కు అమ్మేశాడు. 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీసిన దాదాసాహెబ్ ఫాల్కే సినిమాకు ముందు ఆ ప్రెస్సుకు పనిచేసినవాడే.

పటం ఇంకా చవకై, చివరికి ఉచితమైంది క్యాలెండర్‌తో. 1920లలో శివకాశిలో అగ్గిపెట్టెల పరిశ్రమ మొదలైంది. పెట్టెలకు లేబుళ్లు కావాలి, లేబుళ్లకు ప్రెస్సులు కావాలి. అలా పెరిగిన ప్రెస్సులు దేశమంతటికీ క్యాలెండర్లు అచ్చువేశాయి. మద్రాసు ఆర్ట్ స్కూల్లో చదివి కోవిల్‌పట్టిలో స్థిరపడిన సి. కొండయ్యరాజు (1898–1976), ఆయన శిష్యులు గీసిన దేవతలు బట్టల కొట్టు పేరుతో, కిరాణా కొట్టు పేరుతో ఇళ్లకు చేరారు. డిసెంబరు దాటితే తేదీల కాగితం చిత్తుకు పోయేది. బొమ్మ మాత్రం కత్తెరకు, ఫ్రేముకు వెళ్లేది. తెలుగు ఇళ్లలో వడ్డాది పాపయ్య (1921–1992) వేసిన 'చందమామ', 'యువ' పత్రికల ముఖచిత్రాలకూ అదే మర్యాద దక్కింది.

తాతల నాటి పటం అటక మీద ఉన్నవారు ఓసారి దించి, అడుగంచు చదవడం మంచిది. రవివర్మ ప్రెస్ పేరు పక్కన కార్లా–లోనావాలా అని ఉంటే అది 1899 తర్వాతి అచ్చు. ఆ ప్రెస్ 1972లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది కాబట్టి ఇళ్లలో మిగిలిన ప్రతులకు విలువ పెరిగింది. వెనక ఉన్న పాత చెక్క కాగితాన్ని గోధుమరంగుకు తిప్పుతుంది. పటాలు కట్టే దుకాణంలో ఆ చెక్క తీయించి ఆమ్లం లేని అట్ట పెట్టించి, ఎండ తగలని గోడకు తగిలిస్తే చాలు. పెద్ద ఖర్చు కాదు.