రోగ్ (వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్)

బ్లిజార్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ 2004 నవంబరులో విడుదల చేసిన ఆన్‌లైన్ ఆట వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో మాటువేసి, దగ్గరగా వెళ్లి పోరాడే పాత్ర. ధరించేది తోలు కవచం. తొలినాటి ఆటలోను, దాన్ని మళ్లీ తెచ్చిన 2019 నాటి క్లాసిక్‌లోను గరిష్ఠ స్థాయి 60. ఇక్కడి వివరాలు ఆ రెండింటివే.

రోగ్ బలమంతా ఎనర్జీ. మొత్తం 100, రెండు సెకన్లకు 20 చొప్పున తిరిగి నిండుతుంది. సినిస్టర్ స్ట్రైక్ వంటి దెబ్బలతో శత్రువుపై 5 వరకు కాంబో పాయింట్లు కూడబెట్టి, ఎవిసరేట్‌తో ఒక్కసారే ఖర్చు చేయాలి. మరో శత్రువుపై కొత్తగా పాయింట్లు మొదలుపెడితే పాతవి పోతాయి.

ఒంటరిగా స్థాయి పెంచుకునేవారికి రోగ్ నైపుణ్య శాఖల్లో కంబాట్ శాఖే మేలు. దాగి ఉన్నప్పుడు నడక మందగిస్తుంది కనుక ప్రతి పోరుకూ మాటువేయడం కాలహరణమే. ప్రధాన ఆయుధం నెమ్మదిగా తిరిగినా గట్టిగా తగిలేదై ఉండాలి. సినిస్టర్ స్ట్రైక్ తీవ్రత దాని దెబ్బను బట్టే ఉంటుంది. 10వ స్థాయిలో దాడి వేగం పెంచే స్లైస్ అండ్ డైస్, 20లో విషాలు, 22లో కళ్లముందే మాయమయ్యే వానిష్ అందుతాయి. 30లో, పక్కనున్న మరో శత్రువుకూ దెబ్బ తగిలించే బ్లేడ్ ఫ్లర్రీ చేతికొచ్చాకే ఇద్దరితో ఒకేసారి ధైర్యంగా తలపడవచ్చు. గాయాలు మాన్పే మంత్రం ఈ పాత్రకు లేదు కాబట్టి, కట్లు కట్టే ఫస్ట్ ఎయిడ్ విద్యను కొత్త ఆటగాళ్లు మొదటినుంచే నేర్చుకోవాలి.