పిల్లలకు మన తెలంగాణను పరిచయం చేయడం ఎలా?

తెలంగాణ ఎప్పుడు ఏర్పడిందని అడిగితే ఐదో తరగతి పిల్లలు కూడా 2014 జూన్ 2 అని టక్కున చెప్పేస్తారు. జిల్లాలు 33 అని కూడా చెబుతారు. కానీ తమ కుళాయి నీళ్లు ఏ నదివో, తమ ఊరి పాత పేరేంటో చాలామందికి తెలియదు. బట్టీ పట్టింది పరీక్ష అయిపోగానే పోతుంది, ఇంటి దగ్గర మొదలుపెట్టి నేర్చుకున్నది గుర్తుంటుంది. ముస్లిం ఇళ్లలో దీని అవసరం ఇంకా ఎక్కువ. ఈ నేల చరిత్రలో తమ పెద్దలకూ చోటుందని పిల్లలకు చిన్నప్పుడే తెలియాలి.

నదులతో మొదలు

ముందు మ్యాపు పరిచి రెండు గీతలు గీయించండి. పైన గోదావరి, కింద కృష్ణా. దక్కన్ పీఠభూమి పడమర ఎత్తుగా ఉంటుంది కాబట్టి రెండూ తూర్పుకే పారతాయి. గోదావరి నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర రాష్ట్రంలోకి వస్తుంది, మంజీర అక్కడే దాంట్లో కలుస్తుంది. మూసీ వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మీదుగా వెళ్లి కృష్ణాలో కలుస్తుంది.

1908లో మూసీకి వచ్చిన వరదలో వేలమంది చనిపోయారు. మళ్లీ అలా జరగకూడదనే ఏడో నిజాం కాలంలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. సెలవు రోజు గండిపేటకు తీసుకెళ్లినప్పుడు ఈ సంగతి చెబితే భూగోళం, చరిత్ర రెండూ ఒకేసారి అర్థమవుతాయి.

దారానికి ముడులు

గోడకు ఒక పొడవాటి దారం కట్టి, ఒక్కో ముడికి ఒక చీటీ తగిలించండి. 1213: కాకతీయుల కాలంలో రామప్ప గుడి. 1518: గోల్కొండలో కుతుబ్‌షాహీల పాలన మొదలు. 1591: చార్మినార్, హైదరాబాద్ నగరం. 1918: ఉస్మానియా యూనివర్సిటీ, ఉర్దూ మీడియంలో. 1948: హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవడం. 1956: ఆంధ్రప్రదేశ్. 2014: తెలంగాణ. ముడుల మధ్య దూరం చూస్తే ఏది ఎంత పాతదో చిన్న పిల్లలకు కూడా తెలిసిపోతుంది.

రెండు భాషల ఇల్లు

గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించాడు. వాళ్లు ఆయన్ని మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం 'యయాతి చరిత్ర'ను పొన్నెగంటి తెలగన్న అంకితమిచ్చింది అమీన్‌ఖాన్‌కే. ఇబ్రహీం కొడుకు మొహమ్మద్ కులీ దక్కనీ ఉర్దూలో పెద్ద కవి.

దీన్ని ఆటగా మార్చవచ్చు. కుర్చీ, జేబు, ఖర్చు, తారీఖు, జిల్లా, వకీలు, రైతు లాంటి మాటలు ఎటు నుంచి వచ్చాయో పిల్లల్ని అడగండి. మహబూబ్‌నగర్‌ను పాలమూరు అని, నిజామాబాద్‌ను ఇందూరు అని, మహబూబాబాద్‌ను మానుకోట అని పెద్దవాళ్లు ఎందుకు అంటారో చెప్పండి.

1948 గురించి అడిగితే

పెద్ద పిల్లలు తప్పకుండా అడుగుతారు. దాటేస్తే ఫోన్‌లో ఎవరో చెప్పిందే నిజమనుకుంటారు. రజాకార్ల హింస గురించీ, పోలీస్ యాక్షన్ తర్వాత ముస్లింలు పడ్డ బాధల గురించీ రెండూ చెప్పండి. రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు హత్యకు గురైన 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ గురించి చెప్పండి. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ప్రాణం పోగొట్టుకున్న పేద రైతు షేక్ బందగీ, రైతాంగ పోరాటంలో నిలబడ్డ కవి మఖ్దూం మొహియుద్దీన్ కూడా ఈ చరిత్రలోని వాళ్లే. అప్పటి తగాదాను రెండు మతాల గొడవగా మాత్రమే చూడకూడదని ఈ పేర్లు వింటే పిల్లలకు అర్థమవుతుంది.

పండుగలు, చేతిపనులు

బతుకమ్మలో పేర్చే తంగేడే రాష్ట్ర పువ్వు. పాలపిట్ట రాష్ట్ర పక్షి, జమ్మి రాష్ట్ర చెట్టు. మొహర్రంలో చాలా ఊళ్లలో పీర్లను హిందువులు కూడా ఎత్తుకుంటారు. పోచంపల్లి ఇక్కత్, నిర్మల్ బొమ్మలు, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ, చేర్యాల బొమ్మల పటాలు వేటికవే ప్రత్యేకం. పనిచేసే చోటికి తీసుకెళ్లి చూపించగలిగితే మరీ మంచిది.

ఏ వయసుకు ఏమి?

ఆరు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు పువ్వు, పక్షి, నది, ఊరి పేరు చాలు. తొమ్మిది నుంచి పదకొండేళ్ల వాళ్లకు మ్యాపు, దారం, గోల్కొండ కోట. కోట ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది, అది వాళ్లతోనే చేయించండి. పన్నెండు దాటితే 1948, 1956, 2014 సంగతులు. అన్ని వయసుల వాళ్లకూ పనికొచ్చేది ఇంకొకటి ఉంది: దాదీ, నానీల దగ్గర కూర్చోబెట్టి వాళ్ల చిన్ననాటి ఊరి చెరువు, బడి, సంత గురించి అడిగించి నోట్‌బుక్‌లో రాయించండి. అవి ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకవు.