గేదెకున్న దారి
గుంటూరు, ప్రకాశం మైదానంలో ప్రకృతి – మనిషి – పల్లె

బడిలో తెలుగు వ్యాకరణం చదువుకున్న వాళ్లందరికీ ప్రకృతి–వికృతి పాఠం గుర్తుండే ఉంటుంది. అగ్ని ప్రకృతి, అగ్గి వికృతి. రాత్రి ప్రకృతి, రాతిరి వికృతి. సంస్కృతం మాట ప్రకృతి అయింది, జనం నోట నలిగిన మాట వికృతి అయింది. పాఠం చెప్పే మాస్టారికి ఇందులో దురుద్దేశం ఏమీ లేకపోవచ్చు. అయినా ఒక సంగతి గమనించాలి. ఏది సహజం, ఏది చెడిపోయింది అని తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉంటే, మన సమాజంలో 'ప్రకృతి' అన్న మాట వాళ్ల పక్షానే నిలబడుతూ వచ్చింది.

మనిషి ప్రకృతిలో భాగమా, ప్రకృతి నుంచి వేరా అన్న ప్రశ్నకు పండితుల దగ్గర రకరకాల జవాబులున్నాయి. సాంఖ్యం పురుషుణ్ణి, ప్రకృతిని రెండు తత్వాలుగా విడదీసింది. అద్వైతం ఉన్నదంతా ఒక్కటేనంది. మార్క్స్ తన 1844 రాతప్రతుల్లో ప్రకృతి మనిషికి మరో దేహం లాంటిదన్నాడు. మనిషి ప్రకృతిని జయించబోయి తన కొంప తానే తగలబెట్టుకున్నాడని పర్యావరణవాదులంటారు. వీటిలో నిజం లేదని మేము అనడం లేదు. కానీ ఈ మాటలన్నిటిలోనూ 'మనిషి' ఏకవచనమే. రెండుగా విడదీసిన సాంఖ్యం ఉన్నప్పుడూ, ఒక్కటే అన్న అద్వైతం ఉన్నప్పుడూ మాలపల్లె, మాదిగపల్లె ఊరి బయటే ఉన్నాయి. కాబట్టి ఏ మనిషి అని మనం అడగాల్సి ఉంది.

ఈ ప్రశ్నను పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం నల్లరేగడి మీదికి దించి చూడాలని మా ప్రయత్నం. 2022లో జిల్లాల్ని విడగొట్టాక ఇందులో కొంత పల్నాడు, కొంత బాపట్ల జిల్లాల్లోకి పోయింది. మా వాదన ఒక్కటే. ఈ మైదానంలో అసలు గీత గీసింది మనిషికీ మనిషికీ మధ్యనే. ఆ గీత గీయడానికి నీళ్లను, పశువును, కళేబరాన్ని వాడుకున్నారు. ఆ గీతను దాటేసి 'మనిషి–ప్రకృతి' అని మాట్లాడే ఏ చర్చయినా సగంలోనే ఆగిపోతుంది.

1. బతికితే ఊరిది, చస్తే పల్లెది

ఒంగోలు జాతి పశువు పేరు ప్రపంచమంతా తెలుసు. ఇక్కడి నుంచి బ్రెజిల్ దాకా పోయి అక్కడ 'నెల్లూరు' పేరుతో మందలు మందలుగా పెరిగింది. ఇక్కడ గిత్తకు పసుపు రాసి, కొమ్ములకు రంగులేసి, పండక్కి దండం పెడతారు. అదే గిత్త చచ్చిపోతే మాత్రం దాన్ని ముట్టుకునే పని మాదిగవాడిది. బతికున్నంతకాలం ఊళ్లో కట్టేసిన పశువు చచ్చాక పల్లె పాలవుతుంది. ముట్టుకున్నందుకు మనిషికి మైల అంటుకుంటుంది. ఆ మైల అతనితో పోదు, అతని బిడ్డకూ అంటుకుంటుంది.

మాదిగల చేతిలో ఉన్నది మాత్రం గొప్ప విద్య. తోలుకు సున్నం ఎంత పట్టాలి, తంగేడు చెక్క ఎన్నాళ్లు నానాలి, ఏ తోలు చెప్పుకు, ఏ తోలు డప్పుకు అన్న లెక్క తరాల అనుభవంతో వచ్చింది. జంతువు గురించి, చెట్టు గురించి, నీటి గురించి కలిపి తెలిసినవాడికే అది సాధ్యం. కరెంటు మోటార్లు రాకముందు మెట్ట పొలాల బావుల మీద కపిల తోలేవాళ్లు. ఆ కపిలకు కట్టే తోలు బొక్కెనను కుట్టింది మాదిగలే. మాదిగ చేతి తోలులోంచి వచ్చిన నీళ్లు పొలానికి పారితే మైల కాలేదు. అదే చెయ్యి మంచినీళ్ల బావిని తాకితే మైలయింది. ఇది ప్రకృతి నియమం కాదు. పంటకు అవసరమైన చోట సడలించి, మనిషితో సమానం కావలసిన చోట బిగించిన నియమం.

2. గుండ్లకమ్మ ఒడ్డున

కరువును ప్రకృతి వైపరీత్యం అంటారు. 1832–33 నందన కరువును గుంటూరు కరువనే పిలిచారు. ఈ సీమలో లక్షకు మించి జనం చచ్చారు. వాన పడకపోవడం ప్రకృతి పనే కావచ్చు. కానీ గాదె ఎవరికుంది, గాదె లేనివాడు ఎవరు అన్నది ప్రకృతి తేల్చలేదు. ధాన్యం నిలవ పెట్టుకునే భూమి లేనివాళ్లకు ప్రతి కరువూ ముందుగా వస్తుంది, ఆఖరున పోతుంది.

1876–78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న మాల మాదిగలకు కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో ఎక్కువమంది మాదిగలు. తిండి కోసం మతం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. కానీ ఈ ఉద్యమం కరువుతో పుట్టలేదు. అంతకు పన్నెండేళ్ల ముందే, 1866లో, తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ క్లౌ దగ్గరికి వచ్చి, పల్లె పల్లెకూ ఆ మాటను మోశాడు.

కొత్తగా చేరినవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు చిన్నవి: ఆదివారం పని చేయొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు. మూడో నియమాన్ని మనం జాగ్రత్తగా చదవాలి. దాంట్లో మిషనరీల శుచి భావన ఉంది, నిజమే. దాంతోపాటు, నక్కతో, రాబందుతో కలిపి లెక్కగట్టిన స్థానం నుంచి లేచి నిలబడాలన్న పల్లె కోరిక కూడా ఉంది. 'ప్రకృతిలో కలిసి బతకడం' ఇవాళ చదువుకున్నవాళ్లకు ఆదర్శంగా కనబడుతుంది. అందులోకి బలవంతాన తోసేయబడ్డవాళ్లకు దాన్నుంచి బయటపడడమే మొదటి స్వేచ్ఛ అయింది.

3. గబ్బిలం, చెరువు

వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' కావ్యం వెలువరించాడు. అందులో అంటరానివాడు తన మొరను శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోకి అతనికి దారి లేదు, గబ్బిలానికి ఉంది. సంప్రదాయ కవులు హంసల్ని, మేఘాల్ని దూతలుగా పంపింది విరహం కోసం. జాషువా దూతను ఎంచుకున్నది ప్రవేశార్హత చూసి. గర్భగుడి చూరు పట్టుకుని వేలాడే గబ్బిలం కన్నా మనిషిని తక్కువ చేసిన సమాజాన్ని ఇంతకన్నా సూటిగా నిలదీసిన కావ్యం తెలుగులో మరొకటి లేదని మా అభిప్రాయం.

అంతకు ముందే, 1927 మార్చి 20న, మహాడ్‌లో అంబేడ్కర్ నాయకత్వాన వేలమంది చౌదార్ చెరువు నీళ్లు తాగారు. పశువులు తాగే చెరువులో అంటరానివాళ్లు తాగకూడదన్నదే అక్కడి కట్టుబాటు. నీళ్లు తాగి వెళ్లిపోయాక సవర్ణులు పంచగవ్యం పోసి చెరువును శుద్ధి చేశారు. ఆవు పేడ, ఆవు పంచితం నీటిని శుభ్రం చేస్తాయి, మనిషి దోసిలి మాత్రం మైల చేస్తుంది! కోర్టు కేసు పదేళ్లు నడిచి, 1937లో బొంబాయి హైకోర్టులో దళితుల పక్షాన తీర్పు వచ్చింది.

4. కారంచేడు: ఎవరి నీళ్లు?

చట్టాలొచ్చాయి, రాజ్యాంగం 17వ అధికరణం వచ్చింది. గీత మాత్రం చెరువు మెట్ల మీదే ఉంది. 1985 జూలై 16న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు తాగే చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెలకు కుడితి పెట్టి, ఆ బొక్కెన కడిగిన మురికి చెరువులోకి పోనిచ్చారు. ఇదేమిటని అడిగిన మాదిగ యువకుణ్ణి కొట్టారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడి బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కణ్ణుంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్లు ముందుండగా దళిత మహాసభ పుట్టింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు ఇచ్చేనాటికి ఇరవై మూడేళ్లు గడిచాయి.

ఈ గొడవ గేదె చేసింది కాదు. గేదె తన దాహం తీర్చుకుంది. ఏ నీళ్లు ఎవరి నోటికి అన్నది మనుషులు పెట్టిన ఏర్పాటు. గేదె మురికి మాదిగ బిందెలోకి పోయినా ఫరవాలేదన్నది ఆ ఏర్పాటులోని నమ్మకం. సువార్త ఎత్తిన బిందె కాదన్నది ఆ నమ్మకాన్నే. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఎస్సీ, ఎస్టీలు వాడే నీటిని పాడు చేయడాన్ని విడిగా ఒక నేరంగా రాసింది. నీటి కాలుష్యం కులం నేరం కూడా కావచ్చునని ఈ దేశపు చట్టం అలా ఒప్పుకుంది. మన పర్యావరణ పుస్తకాల్లో చాలావాటికి ఆ సంగతి ఇంకా తెలియదు.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపి, కొన్ని శవాల్ని గోనె సంచుల్లో కుక్కి డ్రైనులోనూ కాలవలోనూ పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. పొలాలకు పారే నీళ్లే సాక్ష్యాన్ని దాచడానికీ పనికొచ్చాయి.

5. పురుగు, కూలి

ఇక పంటలకొద్దాం. గుంటూరు మిరప అంటే ఈ నేలలోంచే పుట్టుకొచ్చిందనిపిస్తుంది. నిజానికి మిరప అమెరికా ఖండపు మొక్క. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లతో వచ్చింది. పొడవు పింజె అమెరికన్ పత్తీ అంతే. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967లో కాలవలకు నీళ్లు వదిలారు. ఈ మైదానంలో మనం చూస్తున్న ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు రంగుల ప్రకృతి ఇలా తయారైంది. తీసినవాళ్లు పత్తి తీశారు, ఎండలో కల్లాల మీద కూచుని మిరప ముచ్చికలు తీశారు. కూలీల్లో దళిత స్త్రీలు ఎక్కువ. ఘాటుకు మండే చేతులు, కళ్లు వాళ్లవి.

1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్లు పత్తి చేలల్లోకి వచ్చాయి. పురుగును జయించామన్నారు. ఆ మందులు తెల్లదోమను తినే సాలీళ్లను, దాన్ని చంపే పరాన్నజీవుల్ని కూడా చంపాయి. మధ్య సంవత్సరాల్లో తెల్లదోమ విరుచుకుపడింది. 1987 నాటికి శనగపచ్చ పురుగు కూడా మందుకు లొంగడం మానేసింది. 1987–88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో అప్పులపాలైన పత్తి రైతులు అవే మందులు తాగి చచ్చారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. కొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు దాన్నీ తట్టుకుంది. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు మిరపను ఊడ్చేసింది. ప్రకృతికి వేరుగా, పైన నిలబడ్డామనుకున్న వ్యవసాయం ప్రతిసారీ కింద పడింది.

మనిషి ప్రకృతిలో భాగమే అనడానికి మందు డబ్బా కన్నా పెద్ద రుజువు అక్కర్లేదు. మోనోక్రోటోఫాస్ పురుగు నరాల్లో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వదు. ఆ ఎంజైము మనిషి నరాల్లోనూ ఉంది. అందుకే మందు కొట్టినవాడికి కళ్లు మసకలవుతాయి, చెమటలు పోస్తాయి, వాంతులవుతాయి, ఊపిరాడదు. విషానికి పురుగూ మనిషీ ఒకటే, ఏ కులమూ తేడా లేదు. కానీ ఆ విషం దగ్గరికి ఎవరు వెళ్లాలన్నది కులమూ కూలీ కలిసి తేలుస్తాయి. గొడుగు కింద నిలబడి పురమాయించేవాడు ఒకడు, వీపున పంపు మోసేవాడు మరొకడు, తొట్టిలో మందు కలపడానికి నీళ్లు మోసే ఆడమనిషి ఇంకొకరు. ప్రకృతిలో మనందరి భాగం ఒకటే అయినా, దాని దెబ్బలో వాటాలు వేరు.

6. ఏం చేయాలి?

కాబట్టి 'ప్రకృతిలోకి తిరిగి పోదాం' అన్న పిలుపును మనం విచారించే తీసుకోవాలి. గ్రామాన్ని ఆదర్శంగా చూపే వాదాన్ని 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గట్టిగా తోసిపుచ్చారు. ఆ హెచ్చరిక ఇప్పటికీ పనికొస్తుంది. 2016 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వమే ప్రకృతి వ్యవసాయాన్ని ప్రోత్సహిస్తోంది. విషం తగ్గితే మొదట బాగుపడేది కూలీల ఒళ్లే, అందుకే దాన్ని మేము వ్యతిరేకించం. కానీ జీవామృతానికి ఆవు కావాలి, ఆవును కట్టేయడానికి చోటు కావాలి, చల్లడానికి చేను కావాలి. సెంటు భూమి లేని, ఏడాది కౌలు మీద బతికే దళిత స్త్రీకి ఆ ప్రకృతిలో చోటెక్కడ? భూమి పంపకం లేని ప్రకృతి వ్యవసాయం మళ్లీ పేడ ఎత్తే పనినే ఆమె చేతిలో పెడుతుంది.

కార్యకర్తల్ని, విద్యార్థుల్ని, ఉపాధ్యాయుల్ని మేము కోరేది ఇది. మీ మీ ఊళ్లలో చెరువు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూడండి. మంచినీళ్ల కుళాయి ఊళ్లోంచి పల్లెకు ఎన్ని గంటలు ఆలస్యంగా వస్తుందో, ఊరి మురుగు ఏ పల్లె పక్కన తేలుతుందో రాసి పెట్టండి. చేలో మందు కలిపేది ఎవరో, కొట్టేది ఎవరో, వాళ్లకు గుడ్డ, ముసుగు ఇస్తున్నారో లేదో అడగండి. కపిల కుట్టిన, తోలు ఊనిన పెద్దవాళ్లు బతికుంటే వాళ్ల విద్యను వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మనిషికీ ప్రకృతికీ ఉన్న సంబంధం గురించి ఈ మైదానం చెప్పగలిగిన చరిత్ర చాలావరకు అక్కడే ఉంది. అది రాయకుండా మనిషి గొప్పతనం మీద ఎన్ని ఉపన్యాసాలిచ్చినా, చెరువుకు పోయే దారి గేదెదిగానే ఉంటుంది.