నిప్పుల మీది తునక, ముంతలోని కల్లు

అమెరికాలోని మన మిత్రులు వేసవి వారాంతాల్లో పెరట్లో బొగ్గుల పొయ్యి రాజేసి, మాంసం కాలుస్తూ, దానికి తోడుగా ఏ పానీయం బాగుంటుందని తర్జనభర్జనలు పడుతుంటారు. బార్బెక్యూ అన్న మాట కరీబియన్ దీవుల తైనో ప్రజల భాషనుండి స్పానిష్ ద్వారా ప్రపంచానికి పాకిందని భాషావేత్తలు చెబుతారు. మాట పరాయిదే గానీ పని మనకు కొత్త కాదు. ఇక తోడు పానీయం సంగతి అంటారా, కరీంనగరం జిల్లా జమ్మికుంట ప్రాంతంలో ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడో తేలిపోయింది: కల్లు. అయితే ఆ ముంత వెనుక ఒక పెద్ద చరిత్ర ఉంది. అది రుచుల చరిత్ర ఎంతో, పన్నుల చరిత్ర కూడా అంతే.

కాల్చిన మాంసం ముచ్చట పన్నెండవ శతాబ్దంలోనే గ్రంథస్థమయింది. కళ్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో కూర్చిన మానసోల్లాసంలో, మాంసపు ముక్కలను శూలాలకు గుచ్చి నిప్పుల మీద కాల్చే విధానం వివరంగా ఉంది. అది రాజుగారి భోజనం. సామాన్యుడి పళ్ళెం సంగతి గ్రంథాల్లో తక్కువ, మండువాల్లో ఎక్కువ. నిప్పుల మీద కాల్చిన కార్జం, ఎండు చేప, మక్క కంకి, చీకులు, పక్కన ఇన్ని గుడాలు. ఇవీ ఈ ప్రాంతంలో కల్లుకు నంజుళ్ళు. ఉప్పు, కారం, పొగవాసన కలిసిన ఆ తునకకు తీపీ పులుపూ కలగలిసిన పానీయమే సరైన జోడు. కల్లు పులిసేటప్పుడు పుట్టే నురుగు నాలుక మీది కొవ్వును కడిగేస్తుంది. మద్యసారం నూటికి నాలుగైదు పాళ్ళకు అటూ ఇటూగా ఉంటుంది గనుక కారం మంటను పెంచదు. సారాకు ఈ గుణం లేదు.

కల్లు అనగానే ఒకే పానీయం అనుకోరాదు. చలికాలం ఈదులది. ఈత చెట్టు మొవ్వు కింద కాండాన్ని చెక్కి గీస్తారు. ఏటా అదే పనిగా గీస్తే చెట్టు చచ్చిపోతుంది గనుక మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. తాటి చెట్టును గెల దగ్గర గీస్తారు. మగచెట్టు పోతుతాడు, ఆడచెట్టు పరుపుతాడు. శీతాకాలపు చివర పోతుతాళ్ళు, ఎండలు ముదిరాక పరుపుతాళ్ళు పారుతాయి. దేని రుచి దానిదే. తెల్లవారకముందు దించిన రసం దాదాపు చక్కెర నీళ్ళే. లొట్టికి లోపల సున్నం పూస్తే పులియక నీరాగా నిలుస్తుంది. పొద్దెక్కేకొద్దీ గాలిలోని, లొట్టిలోని సూక్ష్మజీవులు తమ పని తాము చేసుకుపోతాయి. సాయంత్రానికి పులుపు ముదురుతుంది, మర్నాటికి కాడిలా మారుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. కల్లు నిలవ ఉండదు, దూరం పోదు. తర్వాతి కథకంతటికీ మూలం ఇదే.

ఉత్తరాన ఆదిలాబాదు అడవుల్లోకి వెళితే తోడు మారుతుంది. అక్కడ ఇప్పపూవు. వేసవి తొలినాళ్ళలో రాత్రివేళ రాలిన పూలను తెల్లవారుజామున ఏరి, ఎండబెట్టి, పులియబెట్టి, బట్టీపెట్టి సారా తీస్తారు. 1940లలో గోండుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ రచనల్లో ఆ ప్రజల జీవితం విపులంగా కనిపిస్తుంది. ఇప్పసారా వారికి ముందు దేవరకు, తర్వాతే మనిషికి. మైదానంలోనూ అంతే. ఎల్లమ్మకు సాక పోయకుండా పండుగ లేదు. గౌడులు కాటమయ్యను కొలవనిదే మోకు భుజాన వేయరు.

మరి ఈ చెట్టు ఎవరిది? చరిత్ర అసలు ఇక్కడే మొదలవుతుంది. గీత వృత్తి కుటుంబంలో పుట్టిన సర్వాయి పాపన్న 1708లో వరంగల్లును కొల్లగొట్టి, మొగలు అధికారులను ముప్పుతిప్పలు పెట్టి, 1710లో శిరచ్ఛేదానికి గురయ్యాడు. ఆ కథ ఇప్పటికీ తెలంగాణలో పాటగా బతికి ఉంది. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 2005లో వెలువరించిన దక్కను సామాజిక చరిత్రలో ఎంచుకున్న ఎనిమిది జీవితాలలో ఇదొకటి. రాజులూ మంత్రుల సరసన ఒక గీత కార్మికుడికి చోటు దక్కడం చిన్న విషయం కాదు.

నిజాం పాలనలో అబ్కారీ సర్కారు ఖజానాకు పెద్ద ఆదరువు. హక్కును వేలం వేస్తే గుత్తేదారు పాడుకొనేవాడు. చెట్టెక్కే గౌడు అతని కింద కూలి. అందుకే 1947లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో చేరాలంటూ సాగిన ఉద్యమంలో సర్కారు ఆదాయాన్ని దెబ్బతీయడానికి ఈత చెట్లను నరికారు. దెబ్బ ఖజానాకు తగిలిన మాట నిజమే. కానీ ఒక్కొక్క చెట్టూ ఒక ఇంటి గంజి కుండ. ఆ సంగతి ఎవరి లెక్కల్లోకి ఎక్కిందో! తర్వాతి దశాబ్దాల్లో బొమ్మగాని ధర్మభిక్షం వంటి నాయకులు గీత కార్మికులను సంఘటితం చేశారు. సహకార సంఘాలు వచ్చి, గీసేవాడికే చెట్టు అన్న మాట క్రమంగా నిలబడింది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక చెట్టు పన్నునూ ఎత్తివేశారు.

ఇక జమ్మికుంట సంగతి. కాజీపేట, బల్లార్షా రైలుమార్గం 1929 నాటికి పూర్తయింది. ఆ దారిలోని ఈ ఊరు తర్వాత పత్తి మార్కెట్టుగా పేరు తెచ్చుకొంది. మార్కెట్టు అంటే హమాలీలు, బండ్లవాళ్ళు, రైతులు, పొద్దుగూకాక దాహం. ఊళ్ళోని చెట్లు ఊరికి సరిపోతాయి గానీ బజారుకు సరిపోవు. ఏ బజారు పట్నానికైనా ఇదే లెక్క. చెట్టు రుతువును బట్టి పారుతుంది, దుకాణానికి మాత్రం రుతువు లేదు. ఆ వెలితిని పూడ్చడానికే కల్తీ పుట్టింది. చక్కెర నీళ్ళల్లో క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, అల్ప్రాజోలమ్ కలిపి తెల్లగా నురుగు తెప్పిస్తే కల్లని నమ్మినవారు, అది అందని నాడు వణుకుతో, మూర్ఛలతో ఆస్పత్రులపాలయ్యారు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలే కోల్పోయారు.

కల్తీ తాగేవాడిని చంపితే, అసలు కల్లు దించేవాడిని చంపే సందర్భాలూ ఉన్నాయి. మోకు జారితే తాటి చెట్టు మీదినుండి పడి బతకడం అరుదు, బతికినా నడుము నిలవదు. చెట్టెక్కేవారికి రక్షణగా కాటమయ్య రక్షణ కవచం పేరిట పరికరాలు అందించే పథకం 2024 జులైలో మొదలయింది. వృత్తికి ఎన్ని తరాల వయసుందో తలచుకుంటే ఇది ఎంత ఆలస్యమో తెలుస్తుంది. ఆ కొడుకులు ఇప్పుడు చెట్టెక్కడం లేదంటే తప్పు పట్టగలమా?

వారు దిగిన చోట ఫ్రిజ్ నుండి తీసిన బీరు సీసా నిలబడింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నిప్పుల మీది మాంసానికి చల్లని బీరూ మంచి తోడే. కానీ దాని రుచి జనవరిలోనూ మేలోనూ ఒకటే, జమ్మికుంటలోనూ చికాగోలోనూ ఒకటే. పరుపుతాటి కల్లు అలా కాదు. దానికి ఒక ఊరు, ఒక నెల, ఒక పూట, ఎక్కి దించిన ఒక మనిషి ఉన్నారు. అది తాగాలంటే చెట్టు దగ్గరికి మనమే నడవాలి, పొద్దు వాలకముందే నడవాలి. ఈసారి ఊరికి పోయినప్పుడు నడిచి చూడండి. ముంత అందుకునేముందు లొట్టి దించిన గౌడన్నను పేరు పెట్టి పలకరించండి, ఆ చెట్టు పోతుదా పరుపుదా అని అడగండి. ఆయన చెప్పే జవాబులో ఏ పుస్తకానికీ ఎక్కని చరిత్ర కొంత తప్పకుండా ఉంటుంది.